నేనేమి చూచితిని?

చిట్యాలలో మా వాడకట్టునకు పాలు పోయు యువకుడొకడు కలడు. చీకటి పూర్తిగా విడకముందే అతని మోటారుసైకిలు చప్పుడు వినవచ్చును. క్యాను మూత తీసిన శబ్దము, లీటరు కొలతలో పాలు పడు శబ్దము, నురుగు అణగి కొలత తేలువరకు అతడు నిలుచుండు ఆ చిన్న విరామము, వీనితోడనే నాకు తెల్లవారును. గత శీతకాలమున ఒకనాడు పాలు పోసియు అతడు కదలలేదు. చొక్కా జేబునుండి ఫోను తీసి, తెరపైనున్న ఒక కాగితపు ఫొటోను చూపి, "సారూ, నేనేం జూసిన్నో జర సదివి చెప్పుర్రి" అనెను. రెండేండ్ల క్రిందట కూలికై వేరొక జిల్లాకు పోయినపుడు, రాత్రివేళ బస్టాండు బయట చాయ త్రాగుచుండిన అతనిని ఇద్దరు పోలీసులు పిలుచుకొనిపోయి ఒక కాగితముపై సంతకము చేయించుకొనిరట. అప్పటికి ఆ కాగితముపై అక్షరమొక్కటియు లేదట. ఇప్పుడు కోర్టునుండి సమన్లు వచ్చినవి. చెప్పవలసినది మరువకుండుటకై కోర్టు కానిస్టేబులు పంచనామా ఫొటోను పంపినాడు. అతనికి సంతకము చేయుట వచ్చును గాని ఆ గొలుసుకట్టు వ్రాత చదువుట రాదు. కావున తాను చూచినదేదో తెలిసికొనుటకు నా యొద్దకు వచ్చెను.

నేను చదివితిని. సదరు నేరస్థుడు పంచులమైన మా యెదుట తన తప్పు నొప్పుకొనెననియు, రండు చూపెదనని ముందు నడచి ఊరి వెలుపలి తుమ్మపొదలోనుండి ఒక గోనెసంచి తీసి యిచ్చెననియు, అందు ట్రాన్స్‌ఫార్మరు పగులగొట్టి తీసిన రాగితీగ చుట్టలుండెననియు, వానిని మా సమక్షమున జప్తు చేసి చీటీలంటించిరనియు అందున్నది. క్రింద పంచుల సంతకములు. రెండవది ఇతనిదే, వంకరగా, పెద్దపెద్ద అక్షరములతో, బడిపిల్లవాని చేవ్రాలువలె నున్నది. "ఆ తుమ్మపొద నీవు చూచితివా?" అని యడిగితిని. "గా ఊర్లె తుమ్మచెట్లు యాడున్నయో సుత నాకు తెల్వది సారూ" అనెను. అతడు వెడలిపోయిన తరువాత ఆ మాట నన్ను విడువలేదు. సాక్షి యను పదములోనే కన్ను దాగియున్నది. సాక్షాత్తుగా చూచినవాడే సాక్షి యని పాణిని నాడే చెప్పినాడు. సూర్యుని మనవారు కర్మసాక్షి యనుట, ఆయన పైనుండి సమస్తమును చూచుచున్నాడను విశ్వాసమువలననే గదా. అట్టి పదమును ధరించిన మనిషి, నా కన్ను లేమి చూచినవో చదివి చెప్పుమని యింకొకని వాకిట నిలువవలసి వచ్చిన దినమున, ఆ పదమునకేమి మిగిలినది?

మన జనుల భాష ఈ సంగతిని ఏనాడో గుర్తించినది. కేసు పెట్టుట వేరు, కేసు కట్టుట వేరు, కేసు బనాయించుట వేరు. మొదటిది ఫిర్యాదు చేయువాని పని, రెండవది ఠాణా పని. మూడవదానిలో మాత్రము, ఉర్దూనుండి మన తెలంగాణపు నోట స్థిరపడిన ఆ క్రియాపదములోనే, ఇటుకపై ఇటుక పేర్చి లేనిదానిని నిలబెట్టినారను అర్థము ధ్వనించును. ఏ నిఘంటుకారుడును ఉపదేశింపకయే పల్లెటూరి ముసలమ్మయు ఈ మూడింటిని కలగలుపక వాడుచున్నది. హోటలు ముందర నలుగురు కూర్చుండి పత్తి ధరను గూర్చియో, మిరపకు తగిలిన తెగులును గూర్చియో వాదించుకొనుచుండగా, పోలీసు జీపు మెల్లగా ఆ దారిని పోయినయెడల, మాట ఒక్క క్షణము తెగును. తప్పు చేసినవా డక్కడ ఎవడును లేడు. అయినను గ్లాసులు పెదవులకడ ఆగును. జీపు మలుపు తిరిగిన తరువాత, ఆగినచోటనే మాట మరల అందుకొనును. నేను చిరకాలముగా దీనిని భయమనుకొంటిని. ఇప్పు డాలోచింపగా భయముకంటె వేరగు వస్తువేదో అందు కలదనిపించుచున్నది. జరిగినది వేరు, కాగితముపైకి ఎక్కునది వేరు, ఈ రెంటి నడుమ తమ మాటకు చోటులేదు అను అనుభవము తరతరములుగా పేరుకొని అట్లు మౌనరూపము దాల్చెనేమో.

మా ప్రాంతమున ఆ అనుభవమునకు లోతైన వేళ్ళున్నవి. చిట్యాల అనునది మా ఊరి పేరు మాత్రమే కాదు, నైజాము కాలమున భూమికై పోరాడిన పాలకుర్తి ఐలమ్మ యింటిపేరును అదియే. ఆమె కౌలునకు తీసికొని సాగుచేసికొన్న నాలుగెకరముల భూమిపై విసునూరు దేశముఖు కన్నుపడినపుడు, మొదట వచ్చినవి కట్టెలు కావు, కేసులు. ఆమె పెనిమిటి మీదను, కొడుకుల మీదను, అండగా నిలిచిన ఆంధ్రమహాసభ సంఘపువారి మీదను అబద్ధపు నేరములు మోపబడెను. ఆ దేశముఖు ఏలుబడిలోనిదే యగు కామారెడ్డిగూడెమున బందగీ యను ముసల్మాను రైతు తన భూమికై యేండ్లతరబడి కోర్టుల చుట్టు తిరిగి, తుదకు న్యాయస్థానమున గెలిచి, ఆ గెలుపు చేతికందీ అందకముందే హత్య కావింపబడెను. ఆ వృత్తాంతమే తరువాత 'మా భూమి' నాటకమునకు ప్రాణమైనది. 1946 జూలై 4న కడవెండిలో సంఘపు ఊరేగింపున నడచుచు దొడ్డి కొమరయ్య గుండుదెబ్బకు కూలినపుడు, పోలీసులు వచ్చి కాపాడి పంపినది తుపాకి పేల్చినవారిని. కేసులు పడినది ఊరేగింపున నడచినవారిపై. చిన్ననాడు మా తాత ఈ కథలు చెప్పుచు, ఆనాటి పోలీసు అధికారిని సూచించు అమీను అను మాట వచ్చినపుడెల్ల గొంతు తగ్గించుచుండెడివాడు. రాజ్యము మారి, నైజాము పోయి, ఠాణాపై మూడు రంగుల జెండా ఎగురుచుండినను, ఆయన గొంతుక మాత్రము ఆ ఒక్క మాటకడ క్రిందికే దిగుచుండెడిది. గొంతుక తగ్గించుటయు వారసత్వముగా వచ్చునా? నాకు వచ్చినదని ఇప్పుడు చెప్పగలను.

ఏలయన, ఆ పాలు పోయు యువకునికి ఉపదేశము చేయు నర్హత నాకును లేదు. ముప్పది యేండ్ల క్రిందట, ఉపాధ్యాయునిగా దూరపు జిల్లాలో నుండిన కాలమున, ఒక సాయంకాలము బడి విడిచిన తరువాత హెడ్ కానిస్టేబులొకరు వచ్చి, మర్యాదగా నమస్కరించి, "పంతులుగారూ, చదువుకొన్నవారు, మీ సంతకమైతే విలువ" అనెను. నేను ఠాణాకు పోతిని. బల్లపై ఒక కత్తి యుండెను. అది యెక్కడ దొరకెనో, ఎవరు చూపగా దొరకెనో నేను చూడలేదు, అడుగను లేదు. కాగితము చదివితిని, అందు నేను చెరువుకట్టపై నిలిచి చూచినట్లున్నది. చదివియే సంతకము చేసితిని. ఈ యువకునికి అక్షరము రాక పోయినది, నాకు వచ్చియు పోయినది. ఆరు నెలలకు కోర్టులో నిలిచి, దేవుని యెదుట ప్రమాణము చేసి, చెరువుకట్టను వర్ణించితిని. గట్టుమీది మర్రిచెట్టును సైతము చేర్చితిని, అది నిజముగానే అక్కడ నున్నది గనుక. బోనులో నిలిచిన మనుష్యుడు నా వైపు చూచుచుండెను. ఆ చూపులో కోపము లేదు. తన జీవితమున జరుగని ఒక సాయంకాలమును ఇతడింత చక్కగా ఎట్లు చెప్పుచున్నాడను ఆశ్చర్యము కలదు. అతనికి శిక్ష పడెనో లేదో నేను తెలిసికొనలేదు. తెలిసికొనకుండుటకై బదిలీ కోరుకొంటినేమో యని అప్పుడప్పుడు సందేహము కలుగును.

ఆ పాపభీతితోనే కాబోలు, తరువాతి కాలమున చట్టపు పుస్తకములు తిరుగవేయు నలవాటు పట్టుబడెను. అందు నన్ను నిలువరించిన సంగతి యొకటి: ఈ దేశపు చట్టమే పోలీసు మాటను నమ్మకుండ కట్టబడినది. 1855లో మద్రాసు రాజధానిలోని చిత్రహింసలపై ఒక విచారణ సంఘము నివేదిక సమర్పించెను. శిస్తు వసూలు చేయువాడును నేరము విచారించువాడును ఒక్కడే యైన ఆనాడు, చేతివ్రేళ్ళను రెండు చెక్కల నడుమ బిగించు కిట్టి యను పరికరమును, మనిషిని వంచి కట్టి గంటలతరబడి నిలుపుటయు అందు వర్ణింపబడెను. తెలుగు జిల్లాల రైతులును ఆ బాధితులలోని వారే. కిట్టి యను మాటను చదివినపుడెల్ల, లెక్క కిట్టించుట యను మన వాడుక నా చెవిలో మెదలును. రెండింటికి పుట్టుక యొకటి కాకపోవచ్చును గాని, నొక్కి పట్టి కుదిర్చిన నిజమే రెంటియందును వినబడును. 1872 నాటి సాక్ష్య చట్టము 25వ సెక్షనులో, పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారమును నిందితునిపై రుజువు చేయరాదని శాసించిరి. 2024 జూలై 1న క్రొత్త చట్టము వచ్చినను ఆ మాట చెక్కుచెదరక, సంఖ్య మాత్రము మారి 23గా నిలిచినది. నూటయేబదియేండ్లు గడచినవి, పాలకులు మారిరి; ఆ అవిశ్వాసమును తొలగింపవచ్చునని యెవరికిని తోచలేదు.

అయితే ఆ గోడకు ఒక కిటికీ యుంచిరి. నిందితుని మాటవలన ఏదైన వస్తువు దొరకినచో, ఆ దొరకుటకు సంబంధించినంత మేరకు మాట చెల్లును. ఆ కిటికీ యెంత వెడల్పో తేల్చినదియు మన తెలుగువారి కేసే. గుంటూరు జిల్లాకు చెందిన పులుకూరి కోటయ్య కేసులో, గడ్డివామిలో దాచిన బల్లెమును గూర్చి, 1946 డిసెంబరులో లండనులోని ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. దాచిన చోటు చూపెదననుట చెల్లును, దానితో పొడిచితిననుట చెల్లదు. ఇంతియే దాని సారము. నేటికిని దేశమంతట ఏ కోర్టునందైనను ఈ ప్రశ్న వచ్చినపుడు మొదట తలచునది ఆ గడ్డివామినే. న్యాయమూర్తులు అంత సూక్ష్మముగా తూచి విడదీసిన ఆ కిటికీగుండనే, మా తుమ్మపొదలు, చెరువుకట్టలు, గోనెసంచులు లోనికి వచ్చుచున్నవి. తనిఖీకి ఆ ప్రాంతపు వారైన, పెద్దమనుష్యులైన ఇద్దరిని సాక్షులుగా పిలువవలెనని చట్టమన్నది. బస్టాండులో చాయ త్రాగుచుండిన పరజిల్లా కూలివాడు ఆ ప్రాంతపువా డెట్లయ్యెను?

రాగితీగ కేసులో ఒక అబద్ధపు సంతకము చిన్నదే యనవచ్చును. కాని చిన్నదానికి అలవాటుపడిన చేయి పెద్దదానికడ ఆగునా? 2007 డిసెంబరులో విజయవాడ సమీపపు వసతిగృహమున ఫార్మసీ విద్యార్థిని యొకతె హత్య కావింపబడెను. మరుసటి యేడు నందిగామ ప్రాంతపు నిరుపేద యువకు నొకని పట్టుకొనిరి. నరముల వ్యాధితో కాళ్ళు సరిగా నిలువనివాడు. వీడు కాదు, వీడు కాదని మొదటినుండి మొఱపెట్టినది ఎవరు? ఆ కన్నబిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులే. బిడ్డ చావునకు పగ తీర్చుకొనవలసిన ఆ తల్లి, బోనులోని పరాయి బిడ్డ పక్షమున నిలిచిన సంగతిని తలచినపుడు నాకు నోట మాట రాదు. 2010లో క్రింది కోర్టు యావజ్జీవము విధించెను. 2017 మార్చి 31న ఉన్నత న్యాయస్థానము అతనిని నిర్దోషిగా విడిచి, లక్ష రూపాయలిప్పింపుమని చెప్పి, దర్యాప్తు జరిపిన అధికారులపై చర్య తీసికొనుమనెను. అప్పటి కతని యౌవనములో ఎనిమిదేండ్లకు పైగా జైలుగోడల నడుమ గడచినవి. 2019 డిసెంబరులో సీబీఐ వారు ఆ బాలిక అస్థికలను సమాధినుండి వెలికితీసి మరల పరీక్షింప వలసివచ్చెను. అబద్ధపు సాక్ష్యము ఒక నిర్దోషిని బంధించుటతో ఆగదు. నిజమైన హంతకుని దారిని మూసివేసి, మృతురాలిని సైతము నిద్రపోనీయదు.

ఇచ్చట నా ఆలోచన ఒక చిక్కులో పడును. పోలీసును చూచి మాట ఆపు ఈ జనులే, పోలీసులపై పూలు చల్లినవారును. 2008 డిసెంబరులో వరంగల్లున ఇద్దరు ఇంజినీరింగు విద్యార్థినులపై ఆమ్లము పోసిన కేసులో, మూడు దినములైనను తిరుగకముందే నిందితులు ముగ్గురు మామునూరు సమీపమున ఎన్‌కౌంటరులో చనిపోయిరి. మా ఊరిలోను కొందరు మిఠాయిలు పంచిరి. నేనును వలదనలేదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగరు సమీపపు చటాన్‌పల్లి వంతెనకడ యువ పశువైద్యురాలి హత్య కేసులోని నలుగురు నిందితులు హతులైనపుడు, వంతెన పైనుండి పూలరేకులు కురిసెను. నిందితులు తమ కన్నులలో మట్టి చల్లి, తుపాకులు లాగుకొని కాల్చిరని పోలీసులు చెప్పిరి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ సంఘము, ఆ కథనము నమ్మదగినది కాదనియు, చంపవలెనను ఉద్దేశముతోనే కాల్పులు జరిగినవనియు, పదిమంది పోలీసులను హత్యానేరమునకు విచారింపవలెననియు చెప్పెను; మృతులలో ముగ్గురు మైనరులని తేల్చెను. ఆ నివేదిక 2022 మేలో బయటపడెను. అప్పటికి పూలు వాడి, ఊడ్చివేయబడి, రెండేండ్లు దాటినవి. ఇక 2015 ఏప్రిల్ 7న, వరంగల్లు జైలునుండి హైదరాబాదు కోర్టునకు తీసికొనిపోవుచుండగా ఆలేరు సమీపమున పోలీసు వ్యానులోనే ఐదుగురు విచారణ ఖైదీలు కాల్చబడిరి. వారి చేతులకు బేడీలుండెను. హైదరాబాదునకు బస్సులో పోవుచు జనగామ దాటి పెంబర్తి సమీపించునప్పుడెల్ల నాకు ఆ బేడీలు తలపునకు వచ్చును. కోర్టు తేదీకి పోవుచున్నవారు కోర్టును చేరలేదు.

పూలు చల్లిన చేయియు, తెల్లకాగితముపై సంతకము చేసిన చేయియు ఒక్కటే యని నాకిప్పుడు తోచుచున్నది. కోర్టులో నిజము తేలునను ఆశ లేనివాడే తుపాకిని చూచి సంతోషించును. ఆ ఆశ యెవరివలన పోయినది? పండ్రెండు వాయిదాలకు తిరిగినను సాక్షి రాకపోవుటవలన, వచ్చిన సాక్షి చూడనిది చెప్పుటవలన, న్యాయవాది యొక్క ఒక్క ప్రశ్నకు ఆ అల్లిక విడిపోయి దోషియు చేతులూపుచు బయటికి నడచుటవలన. అబద్ధమాడినవాడు నేరస్థుని శిక్షింపజేయుటకే ఆడినాననుకొనును గాని, ఆ అబద్ధమే నిజమైన నేరస్థునికి కూడ తలుపు తీయును. భయపడినవాడును, పూలు చల్లినవాడును, ఇద్దరును చట్టమును నమ్మనివారే. ఒకడు దానినుండి తప్పించుకొనుచున్నాడు, ఇంకొకడు దానిని తప్పించి పోవుచున్నాడు. పోలీసుపై గౌరవమని మనమనుకొన్నది, కోర్టుపై నిరాశకు మారుపేరు మాత్రమే కాదా?

అయినను పోలీసును మాత్రమే నిందించి నేను ప్రక్కకు తప్పుకొనజాలను. ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన యొకడు, ముప్పదియైదేండ్లు ఖాకీ తొడిగినవాడు, నాతో నొకనాడు మనసు విప్పి మాటలాడెను. "పంతులూ, రైతు ట్రాన్స్‌ఫార్మర్ పగలగొడ్తే పొలమెండుతది. దొంగ దొరికిండు. అర్ధరాత్రి పంచులు గావాలె. తలుపు గొడ్తే ఒక్కడు లేవడు. తెల్లారి అడిగితే మాకెందుకంటరు. గా దొంగను ఇడిచిపెట్టమంటవా?" అనెను. నాకు సమాధానము దొరకలేదు. నిజముగా చూచినవా డెవడును రానిచో, చూడనివానిని తెచ్చుకొనిరి. రాకపోవుటలో మా తప్పు లేదా? సాక్ష్యమునకు పోయినవానికి కూలి పోవును, బస్సు కిరాయి పోవును, పగ వచ్చును. ఉదయమునుండి వరండాలో నిలిచి సాయంకాలము వాయిదా విని తిరిగివచ్చును. కోర్టులో అబద్ధపు సాక్ష్యమునకు ఏడేండ్లవరకు శిక్ష కలదు; కాని ఆ ఫిర్యాదు న్యాయస్థానమే స్వయముగా చేయవలెను. తీరికలేని న్యాయస్థానము సాక్షిని నమ్మలేదని యొక వాక్యము వ్రాసి తరువాతి కేసును పిలుచును. ఇప్పుడు తనిఖీని, జప్తును ఫోనుతో వీడియో తీయవలెనని క్రొత్త నేరవిచారణ చట్టము చెప్పుచున్నది. సంతోషమే. యంత్రమునకు భయము లేదు, బదిలీ లేదు. కాని దాని కన్ను తెరువవలసినదియు, మూయవలసినదియు మనుష్యుని వ్రేలే గదా.

ఆ యువకుడు మరునాడు మరల అడిగెను. చూచినది చెప్పుము, చూడనిది చూడలేదనుము అంటిని. ముప్పదియేండ్ల క్రిందట నాకెవరును చెప్పనిది, చెప్పినను నేను వినియుండనిది. "అట్ల చెప్తే నన్నేమన్న చేస్తరా సారూ?" అనెను. ఏమియు చేయరని చెప్పుటకు నాకు నోరు రాలేదు. తెలియదంటిని. సంతకమెట్లు చేయవలసివచ్చెనో, అడిగినచో, దానినికూడ దాచవలదంటిని. అతడు తలయూపి పోయెను. రెండు దినములు పాలు రాలేదు. మూడవనాడు ఎప్పటివలెనే బండి చప్పుడైనది.

చూడలేదని కోర్టులో చెప్పగా ప్రభుత్వ న్యాయవాది కోపించి, సాక్షి ఎదురుతిరిగినాడని వ్రాయించెనట. సంతకము నీదేనా యని జడ్జి అడిగిరట, నాదేనన్నాడట. చదివితివా యనగా రాదన్నాడట. అందరు విన్నారట. ఆ రాగితీగ నెత్తుకొనిపోయినవాడు వాడేనో, మరియొకడో, ఇతనికిని తెలియదు, నాకును తెలియదు. ఆ ఊరి రైతునకు న్యాయము జరిగెనని నేను చెప్పజాలను. "ఆఖర్న నేను చెప్పిందంత టైపు జేసి సదివి ఇనిపిచ్చిన్రు సారూ. ఒక్కకాడ 'చూచితిని' అని పడ్డది. కాదు సారూ, చూడలే అని చెప్పిన. దిద్దిన్రు. దిద్దినంక సంతకం జేసిన" అనెను. ఇంతమాత్రము చెప్పి క్యాను మూత తీసి, గిన్నెలో పాలు పోసి, నురుగు అణగువరకు నిలిచి, తగ్గినంత మరల పోసెను.